ముప్పై ఒకటో వరస, ఏడూ ఎనిమిదీ

వెస్ట్‌బ్రూక్,
అక్టోబరు 5, 1997, ఆదివారం

తమ్ముడు ఎమిల్‌కి,

నిన్న ఫుట్‌బాల్‌లో మా కాలేజీ వాళ్ళు మళ్ళీ ఓడిపోయారు. ఈ సంగతి నీకు నేను కొత్తగా చెప్పక్కర్లేదు. నూట అరవై మైళ్ళ అవతల నువ్వు కొట్టిన చప్పట్లు నాకు ఇక్కడికే వినిపించాయి. అయిదు ఆటల్లో నాలుగు పోయాయి. కోచ్ మాట్లాడుతుంటే పక్కింటి టిల్డెన్ గారి భార్య టీవీ మీద దుప్పటి కప్పేస్తోందట. ఊళ్ళో మాత్రం ఇంకా అందరూ ఊదా చొక్కాలు తొడుక్కునే తిరుగుతున్నారు. చింత చచ్చినా పులుపు చావలేదు.

మీ హార్లన్ వాళ్ళు సెప్టెంబరులో మెరిడెన్ చేతిలో తప్ప ఇంకెక్కడా ఓడలేదట కదా. నాకు కుళ్ళుగా ఉందా అంటే, ఉంది. పంతులమ్మ చదువుకని ఈ ఊరొచ్చి, మీ బావని చేసుకుని, ఎర్ర చొక్కా విప్పి ఊదా చొక్కా తొడుక్కున్నాక ఇంత దరిద్రమైన ఏడాది చూడలేదు. అయినా ఒకటి గుర్తుపెట్టుకో. మేం ఎలాగూ మునిగాం. పోతూ పోతూ మిమ్మల్ని కూడా ముంచితే మాకు అదే కప్పు.

నవంబరు ఇరవై రెండున మీ ఊళ్ళో మన రెండు జట్ల ఆటకి వస్తున్నాను. నీ మేనకోడలు మార్గో కారులో తీసుకొస్తానంది. నాన్న సీట్లు, స్టేడియం తూర్పు వైపు ముప్పై ఒకటో వరస, ఏడులో నేను, ఎనిమిదిలో నువ్వు. వెనక కూర్చునేవాళ్ళు ఎప్పటిలాగే మనల్ని మొగుడూ పెళ్ళాలనుకుని, ఇంతలా కొట్టుకుంటూ ఎలా కాపురం చేస్తున్నారో అని జాలిపడతారు. మరదలు ఆగ్నెస్‌తో చెప్పు, గసగసాలు కూరిన రొట్టెలు, ఆ కొలాచీలు, నాకు వేరే డబ్బాలో పెట్టమని. పోయినసారి నువ్వు సగం ఆటకే డబ్బా ఖాళీ చేశావు.

ఓడినవాళ్ళ వాకిట్లో గెలిచినవాళ్ళ జెండా క్రిస్మస్ దాకా ఎగరాలి. నాన్న పెట్టిన నియమం. నా ఊదా జెండా ఇస్త్రీ చేసి ఉంచాను, నీ వాకిట్లో కట్టడానికి.

ఫోను చెయ్యకుండా ఉత్తరమెందుకని అడుగుతావేమో. ఫోనులో నీకు వాన పడిందా లేదా అన్నది తప్ప ఇంకో మాట రాదు. కాగితం మీద కాస్త మనిషివవుతావు. ఈసారి ఏ వంకా పెట్టకు, ఎమిల్. ఈ ఏడు నాకు ఆ ఆట కావాలి.

జట్టు మారినా పేగు మారని నీ అక్క,
బ్లాంచ్


హార్లన్,
అక్టోబరు 13, సోమవారం

బ్లాంచ్ అక్కకి,

నీ ఉత్తరం అందింది. ఈ కాస్త మాటకి ఎనిమిది కాగితాలా? వెస్ట్‌బ్రూక్‌లో కాగితాలు ఊరికే పంచుతున్నారా? ఒక్కో అక్షరం ఉల్లిపాయంత ఉంది. వరసలేమో గుట్ట దిగుతున్నట్టు కిందికి జారాయి. నలభై ఏళ్ళు పిల్లల వేళ్ళ మీద కొట్టి మరీ చేతిరాత నేర్పినదానివి. నాన్న చూస్తే ఏమనేవాడు? ముప్పై ఏళ్ళు కాలేజీ మైదానంలో సున్నంతో గీతలు వేసిన మనిషి. తాడు పట్టకుండా గీసినా అంగుళం వంకర పోయేది కాదు.

మొన్న శనివారం మా వాళ్ళు మళ్ళీ గెలిచారు. ఎలా గెలిచారని అడక్కు, నేను చూడలేదు. జొన్న కోతలో ఉన్నాను. కోత మిషనులో రేడియో పాడైంది, బాగుచేయించలేదు.

ఇరవై రెండు సంగతి. అక్కా, నేను రాలేనేమో. ఆవులు ఈనే రోజులు. ఆగ్నెస్ ఒక్కతే చూసుకోలేదు.

ఇంకోటి. వచ్చే ఏటికి సీట్లు మనకే ఉంచమనే కాగితం ఆగస్టులోనే నీకు పంపాను. సీట్లు ఇద్దరి పేరా ఉన్నాయి కనక ఇద్దరం సంతకం పెట్టాలి. డిసెంబరు పదిహేను లోపల చేరకపోతే కాలేజీ వాళ్ళు వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు. రెండు నెలలైంది, నీ దగ్గరనుంచి ఉలుకూ పలుకూ లేదు. నీకు ఇక ఆ సీటు అక్కర్లేదేమో, మొహం మీద చెప్పలేకపోతున్నావేమో అనిపిస్తోంది. అదే అయితే చెప్పెయ్. నేనేమీ అనుకోను.

అనుకోనన్నది అబద్ధం. అనుకుంటాను.

నీ తమ్ముడు,
ఎమిల్


వెస్ట్‌బ్రూక్,
అక్టోబరు 20, సోమవారం

ఒరే ఎమిల్,

నవంబరు ఆఖర్న ఆవులు ఎక్కడైనా ఈనుతాయిరా? నేనూ ఆ కొట్టంలోనే పుట్టి పెరిగాను. మన ఆవులు ఫిబ్రవరిలో, గడ్డకట్టే చలిలో, నాన్న చేతులు మొద్దుబారేవేళ చూసి మరీ ఈనేవి. అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. నీకు ఆ విద్య అమ్మ నేర్పలేదు.

కాగితం ఎక్కడో పెట్టి మరిచిపోయాను. దొరుకుతుంది. దానికింత రాద్ధాంతమా? సీటు అక్కర్లేదని నేనెప్పుడన్నాను? ఆ రెండు సీట్లూ కాలేజీ వాళ్ళు నాన్న రిటైరైన రోజున ఆయనకి ఇచ్చినవి. ఆయన వాటిల్లో కూర్చుని ఆట చూడలేదు, గీతలే చూసేవాడు. "కొత్తవాడు సున్నం పల్చగా కలిపాడు" అని నాలుగు క్వార్టర్లూ సణుక్కునేవాడు. ఆ సీటు నాకు అక్కర్లేదా?

నాకు తెలుసు నీ కోపం దేనికో. ఈస్టర్‌కి వచ్చినప్పుడు, మార్గో ఇంట్లో కింద గది ఖాళీగా ఉందని, ఇల్లు అమ్మేసి అక్కడికి మారతానేమోనని అన్నాను. నువ్వు "ఇంకా దూరం పోతావన్నమాట" అని లేచి కొట్టంలోకి వెళ్ళిపోయావు. అప్పటినుంచీ ముభావంగానే ఉన్నావు. ముప్పై మైళ్ళు ఎక్కువైతే అక్క కాకుండా పోతానా?

నీకు అయిదేళ్ళప్పుడు, ముప్పై మూడులో, మొట్టమొదటిసారి ఆటకి తీసుకెళ్ళింది నేనే. నాన్న కింద సున్నం బకెట్టుతో ఉన్నాడు. మనకి సీట్లెక్కడివి, కంచె పక్కన నిలబడ్డాం. నీకు ముందున్నవాళ్ళ కోట్లూ టోపీలూ తప్ప ఏమీ కనపడక ఏడుపు లంకించుకున్నావు. నాకు పన్నెండేళ్ళు, నిన్నెత్తుకునే బలం లేదు. అందుకని మొదటినుంచి చివరిదాకా నీ చెవిలో చెప్పాను. బంతి నాన్న గీసిన ఎన్నో గీత మీదుంది, ఎవడు పట్టుకున్నాడు, ఎవడు పడ్డాడు. ఇంటికెళ్ళి నువ్వు అమ్మకి అంతా కళ్ళారా చూసినట్టే చెప్పావు.

ఎందుకో ఈ మధ్య అదే గుర్తొస్తోంది. వంకలు మాని, వస్తున్నానని ఒక్క ముక్క రాయి.

అక్క


హార్లన్,
అక్టోబరు 27, సోమవారం

బ్లాంచ్ అక్కకి,

కోపమేమీ లేదు. కొట్టంలోకి వెళ్ళింది దూడ అరిచిందని.

సరే, ఆవులు కాదు. మోకాలు. ముప్పై ఒకటో వరస దాకా మెట్లెక్కాలంటే నా వల్ల కాదు. డాక్టరు కూడా వద్దన్నాడు.

మొన్న కూడా గెలిచారు. వరసగా అయిదు. పొద్దున దాణా కొట్టు దగ్గర అందరూ లెక్కలు కడుతున్నారు. ఈ ఊళ్ళో బడి మొహం చూడనివాడు కూడా మా కాలేజీలన్నీ ఆడే కాన్ఫరెన్సులో ఎవరెన్ని గెలిచారో వేళ్ళ మీద చెప్తాడు. చివరికి కథంతా మీ ఆట మీదికే వచ్చేలా ఉంది. నేను మాత్రం ఏదీ చూడటం లేదు. పని ఎక్కువగా ఉంది.

ఇందులో రెండు టికెట్లూ పెడుతున్నాను. ఎనిమిదో సీట్లో మార్గోని కూర్చోబెట్టుకో. కుర్రది, కేకలు బాగా వేస్తుంది. ఆట అయ్యాక ఇద్దరూ ఇంటికి రండి, ఆగ్నెస్ మాంసం, చిక్కుడు గింజలతో చిల్లీ కాస్తుంది, దాల్చినచెక్క రొట్టెలు చేస్తుంది. గెలిచినా ఓడినా కలిసి తిందాం.

ఎమిల్


వెస్ట్‌బ్రూక్,
నవంబరు 3, సోమవారం

ఎమిల్,

టికెట్లు రెండూ వెనక్కి పంపుతున్నాను. మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టడమంటే ఏమిటో ఇన్నాళ్ళకి చూశాను. పోయిన వారం ఆగ్నెస్‌కి ఫోను చేస్తే నువ్వు గోధుమ గోదాం కప్పెక్కి రేకులు బిగిస్తున్నావని చెప్పింది. నిచ్చెన ఎక్కే మోకాలికి మెట్లెక్కడం కష్టమా?

నువ్వు పక్కన లేకపోతే నాకు టికెట్టెందుకు? మార్గోకి ఫుట్‌బాల్ అంటే ఆట మధ్యలో వాయించే బ్యాండు మేళమే. బంతి ఎవరి చేతిలో ఉందో కూడా చూడదు.

చెప్పకూడదనుకున్నాను. నువ్విలా చేశాక చెప్పక తప్పడం లేదు. నా కళ్ళు పోతున్నాయి. కంటి వెనక, నడిమధ్య, పొర చెడిపోయిందట. ఎదురుగా ఉన్నది కనపడదు. అక్కడొక బూడిదరంగు మరక. పక్కనున్నవి, కదిలేవి, రంగులు, ఇంకా తెలుస్తున్నాయి. నీ మొహం చూడాలంటే నీ చెవివైపు చూడాలి. సీట్ల కాగితం నేనెక్కడా పారేసుకోలేదు. చదవలేకపోయాను. సంతకం ఎక్కడ పెట్టాలో కనపడలేదు. మార్గోని అడిగితే ఎందుకని అడుగుతుంది, దానికీ ఇంకా చెప్పలేదు. నీ ఉత్తరాలు టిల్డెన్ గారి భార్య చదివి పెడుతోంది. నువ్వు ఉల్లిపాయంత అక్షరాలని వెక్కిరించినప్పుడు పాపం ఆవిడ చదవడం ఆపేసింది. నేనే చదవమన్నాను.

వచ్చే శరత్కాలానికి వెలుతురూ చీకటీ తప్ప ఏమీ మిగలకపోవచ్చని డాక్టరు చెప్పాడు. ఇప్పుడైతే పచ్చటి మైదానం, దాని మీద ఎరుపూ ఊదా కదలడం తెలుస్తుంది. బంతి కనపడదు. అది ఎక్కడుందో ఎవరైనా చెప్పాలి. ఆ చెప్పేవాడు నువ్వవ్వాలని అనుకున్నాను. అంతే.

బ్లాంచ్


హార్లన్,
నవంబరు 9, ఆదివారం

అక్కా,

నీ ఉత్తరం గురువారం అందింది. మూడు రోజులుగా రాద్దామని కూర్చుని లేస్తున్నాను. అక్షరాల మీద వేళాకోళమాడినందుకు నన్ను నేను ఎన్ని తిట్టుకున్నానో ఆగ్నెస్‌ని అడుగు. ఆ ఉత్తరం టిల్డెన్ గారి ఆవిడ చేత చదివించుకుంటూ నువ్వు కూర్చున్నావని తలుచుకుంటే తిండి దిగలేదు.

నేను వస్తున్నాను. ఎనిమిదో సీట్లో నేనే ఉంటాను. మోకాలు బాగానే ఉంది.

ఎందుకు రానన్నానో ఆట అయ్యాక చెప్తాను. ముందే చెప్తే మంచిది కాదు. నీ మీద కోపం మాత్రం కాదు, ఇల్లు మారినా కాదు. ముప్పై మైళ్ళకి నాకు పెట్రోలు కరువా?

ఈ మూడు రోజుల్లో చేసిన పని ఒకటుంది. నిన్న టీవీలో ఎవరో వేరేవాళ్ళ ఆట పెట్టి, ఆగ్నెస్ కళ్ళకి తువ్వాలు కట్టి కూర్చోబెట్టాను. ఆట చెప్పడం నేర్చుకుందామని. మొదటి పావుగంటలో నేను "అదిగో, అదిగో!" అనడం తప్ప ఏమీ చెప్పలేదట. "అదిగో అంటే ఏదిగో?" అని అరిచింది. తర్వాత కాస్త నయం. ఎన్నో గీత, ఎటువైపు, ఎన్ని గజాలు కావాలి, బంతి ఎవడి చేతిలో ఉంది. నువ్వు నాకు చెప్పినట్టే.

నిన్న మెరిడెన్ వాళ్ళు రెండోది ఓడారు. ఇక లెక్క సూటిగా ఉంది. మాకు ఒక ఓటమి, వాళ్ళకి రెండు. ఇరవై రెండున మీ మీద గెలిస్తే కాన్ఫరెన్సు ఫైనల్‌కి మేం వెళ్తాం. ఓడితే ఇద్దరికీ రెండేసి అవుతాయి, కానీ సెప్టెంబరులో వాళ్ళు మమ్మల్ని కొట్టారు కనక వాళ్ళే వెళ్తారు. అరవై మూడులో కప్పు తెచ్చాక మళ్ళీ ఇంత దగ్గరికి రాలేదు. ముప్పై నాలుగేళ్ళు, అక్కా. దాణా కొట్టు ముసలాళ్ళం ఆరుగురం ఉండేవాళ్ళం, ఇప్పుడు ఇద్దరం మిగిలాం. ఇది చూసి పోతే చాలని రెండోవాడు రోజూ అంటాడు.

టికెట్లు నా దగ్గరే ఉంచుతున్నాను. గేటు దగ్గర పదకొండింటికి నిలబడి ఉంటాను. నువ్వు నా చెవివైపు చూడు, నేను చెయ్యి పట్టుకుంటాను.

ఎమిల్


వెస్ట్‌బ్రూక్,
నవంబరు 24, సోమవారం

తమ్ముడికి,

ఇరవై ఒకటి, ఇరవై. గెలుపు మాది. ముందు అది రాసి, తర్వాత మిగతాది.

ఎంత బాగా చెప్పావురా! ముప్పై ఒకటో వరస నుంచి మనూరి నీళ్ళ ట్యాంకు దాకా వినపడేలా చెప్పావు. మూడో క్వార్టరులో మా కుర్రాడు అరవై గజాలు పరిగెత్తినప్పుడు కూడా, నీ జట్టు మునుగుతున్నా, గొంతు తగ్గించలేదు. "నలభై గీత, ముప్పై, ఎవడూ అడ్డం లేడు, ఇరవై, పట్టుకోండిరా వెధవల్లారా, పది" అని చెప్పావు. వెనక వరస ఆయన తన పెళ్ళాంతో, "చూడు, ఆ ముసలాయన పెళ్ళాన్ని ఎంత బాగా చూసుకుంటున్నాడో, నేర్చుకోవాల్సింది నేనే" అన్నాడు. మనల్ని ఈ జన్మకి అక్కా తమ్ముళ్ళనుకోరు.

నాకు పచ్చదనం కనిపించింది. తెల్లటి గీతలు కూడా, పక్కనుంచి చూస్తే. కొత్తవాడు సున్నం బాగానే కలిపాడు.

కానీ ఒక్క మాట అడక్కుండా ఉండలేను. చివర్న, ఆరు సెకన్లున్నాయనగా, మీ వాళ్ళు గెలుపు కోసం రెండు కర్రల మధ్యకి బంతి తన్నడానికి నిలబడ్డారు. ముప్పై ఎనిమిది గజాలు, తన్నేది ఆ పొట్టి పిల్లాడు డెంజెల్ అని చెప్పావు. అంతవరకూ చెప్పి, ఆగిపోయావు. ఆట మొత్తానికి అదొక్కటే కదా! ఊరంతా లేచి నిలబడింది. నాకు ఎదురుగా బూడిదరంగు మరక. "చెప్పరా" అన్నాను. పలకలేదు. చొక్కా చెయ్యి పట్టి లాగి, "ఎమిల్, నాకు కనపడదు, చెప్పు" అని బతిమాలాను. అప్పుడు, "కర్రకి తగిలింది, అక్కా. బయటికి పడింది" అన్నావు. ఆ తర్వాత ఇంటికొచ్చేదాకా ఒక్క ముక్క మాట్లాడలేదు. చిల్లీ ముందు పెట్టుకుని చెంచాతో తిప్పుతూ కూర్చున్నావు.

ఓడితే బాధ ఉంటుంది, కాదనను. కానీ నీకు అయిదేళ్ళప్పుడు మీ వాళ్ళు నలభై పాయింట్ల తేడాతో ఓడుతున్నా నేను ఒక్క ముక్క వదలకుండా చెప్పాను. నువ్వు సరిగ్గా ఆ ఒక్క క్షణంలో అలిగి మూగనోము పడతావా? మార్గో కారులో వెనక్కి వస్తూ దారి పొడుగునా నాకదే బాధ. గెలిచిన సంతోషం సగానికి సగం పోయింది.

జెండా మాత్రం నీ గుమ్మానికి కట్టే వచ్చాను, ఆగ్నెస్ నిచ్చెన పట్టుకుంది.

అక్క


హార్లన్,
నవంబరు 30, ఆదివారం

అక్కా,

అలగలేదు. ఆట అయ్యాక చెప్తానన్నది ఇప్పుడు చెప్తున్నాను. నవ్వుకో, టిల్డెన్ గారి ఆవిడ కూడా నవ్వుకుంటే నవ్వుకోనీ.

నావి పాడు కళ్ళు. నేను చూస్తే మా వాళ్ళు ఓడతారు. తమాషాకి అనడం లేదు. అరవై మూడులో కప్పు వచ్చిన ఏడాది ముప్పై అయిదేళ్ళ వయసులో గవదబిళ్ళలొచ్చి మంచం మీదున్నాను, ఒక్క ఆట చూడలేదు. డెబ్భై తొమ్మిదిలో మీ మీద గెలిచినప్పుడు ఆవు అడ్డం తిరిగిందని పశువుల డాక్టరుతో కొట్టంలో ఉన్నాను. ఎనభై ఆరులో నీకు వేడి చాక్లెట్టు తేవడానికి వెళ్ళి వరసలో ఇరుక్కుపోయి చివరి క్వార్టరు చూడలేదు, గెలిచాం. నువ్వు చాక్లెట్టు చల్లారిపోయిందని తిట్టావు. కూర్చుని చివరిదాకా చూసిన ప్రతిసారీ ఓడాం. ఈ ఏడు ఒకే ఒక్క ఆటకి వెళ్ళాను, సెప్టెంబరులో, మెరిడెన్‌కి. సంగతి నీకు తెలుసు. ఇంటికొస్తూ దారిలో ఒట్టు పెట్టుకున్నాను, ఇక ఈ ఏడాది చూడనని. మిషనులో రేడియో తీగ నేనే పీకేశాను. వరసగా గెలుస్తూ వచ్చారు. ఇలాంటిది పైకి చెప్తే ఫలించదు, అందుకే ఆవులూ మోకాలూ పట్టుకొచ్చాను.

ఆ తర్వాత నీ ఉత్తరం వచ్చింది. అక్క కావాలా, కప్పు కావాలా అని ఆలోచించానంటే సిగ్గుగా ఉంది కానీ, ఆలోచించాను. ఒక రాత్రి. పొద్దున్నే లేచి టికెట్లు పెట్టెలోంచి తీశాను. కప్పు పోయినా సరే అనుకునే వచ్చాను. ఆట మొదలైనప్పటినుంచీ రెండు కళ్ళూ తెరుచుకునే చూశాను. ఒక్క పరుగూ దాటెయ్యలేదు.

కానీ ఆ చివర్న, ఆ పొట్టి పిల్లాడు రెండడుగులు వెనక్కి వేసినప్పుడు, ఇక నా వల్ల కాలేదు. ముప్పై నాలుగేళ్ళు. ఒక్క రెండు సెకన్లు కళ్ళు మూసుకుంటే ఏం పోతుంది, చప్పుడు బట్టి చెప్పెయ్యొచ్చు అనుకున్నాను. గట్టిగా మూసుకున్నాను. బంతిని తన్నిన చప్పుడు వినపడింది. నువ్వు చెప్పరా అన్నావు. మూసుకునే ఉన్నాను. నువ్వు చొక్కా లాగి, నాకు కనపడదు అన్నావు.

తెరిచాను, అక్కా. నేను తెరిచేసరికి బంతి కర్రల మధ్యకి తిన్నగా పోతోంది. ఒట్టు, తిన్నగా పోతోంది. చూస్తుండగానే గాలికి ఎడమకి వాలి కర్రని కొట్టుకుంది.

ఇంటికొచ్చాక మాట రాకపోవడం అందుకు. ఓడినందుకు కాదు. నిన్ను చీకట్లో వదిలేసి నేను కళ్ళు మూసుకున్న ఆ రెండు సెకన్లు నన్ను తినేస్తున్నాయి. ఆగ్నెస్‌తో చెప్తే, గాలి అక్కాతమ్ముళ్ళ గొడవ కోసం వీస్తుందా అని తిట్టింది. ఆగ్నెస్‌కి ఫుట్‌బాల్ తెలీదు.

సీట్ల కాగితం రెండోది తెప్పించి ఇందులో పెట్టాను. నీ సంతకం పెట్టాల్సిన చోట కింద ఎర్ర సిరాతో లావుగా గీత గీశాను. ఇష్టమైతే పెట్టు. అలా కళ్ళు మూసుకున్నవాడి పక్కన కూర్చోనంటే, న్యాయమే.

ఎమిల్


వెస్ట్‌బ్రూక్,
డిసెంబరు 7, ఆదివారం

ఒరే పిచ్చి తమ్ముడూ,

నీ ఉత్తరం ఈసారి మార్గో చదివింది. దానికి కళ్ళ సంగతి చెప్పేశాను. ముందు ఏడ్చింది, తర్వాత ఇన్నాళ్ళూ చెప్పనందుకు నా మీద అరిచింది. మెత్తబడ్డాక నీ ఉత్తరం తీసి చదివింది. గవదబిళ్ళల దగ్గర నవ్వాపుకోలేక కాసేపు ఆగింది. చివరి ముక్క రెండుసార్లు చదివింది.

నిన్న కాన్ఫరెన్సు ఫైనల్ రేడియోలో విన్నాను. మెరిడెన్ వాళ్ళు చిత్తుగా ఓడారు. వాళ్ళ ఊళ్ళో కూడా నీలాంటివాడెవడో చూస్తూ కూర్చుని ఉంటాడు.

ఇక నా వంతు. నేను కూడా ఒకటి దాచాను. నువ్వు మూగపోయినప్పుడు, ఎదురుగా ఏమీ కనపడనప్పుడు, పక్కనుంచి నీ ఎర్ర టోపీ ఒక్కటే తెలుస్తోంది. అది వణుకుతోంది. మనూళ్ళో ఎంత చలిలోనూ వణికినవాడివి కాదు. అప్పుడు నేను దేవుణ్ణి అడిగాను, ఆ బంతి లోపలికి పోనియ్యి అని. ఈ ఊరొచ్చి యాభై ఏడేళ్ళు, మీ జట్టు గెలవాలని అడగడం అదే మొదటిసారి. వినిపించుకోలేదు. ఆయనకి మొదటినుంచీ నా మాట వినే అలవాటు లేదు. పైన మీ బావ ఉన్నాడు, ఆయన అడ్డం పడి ఉంటాడు.

కాబట్టి నీ కళ్ళూ కాదు, గాలీ కాదు, తప్పు మీ బావది. ఇక తిండి తిను.

రెండు సెకన్లు కళ్ళు మూసుకున్నావని ఏడుస్తున్నావు. మూసుకుంటే గెలుస్తామని నమ్మే మనిషివి, నేను చొక్కా లాగితే తెరిచావు. నాకు అది చాలు. ఇంకెవరు తెరుస్తారు?

ఊదా జెండా మీ గుమ్మం మీద అలాగే ఉంచు, నియమం నియమమే. ఇక్కడ ఇంకోటి జరిగింది. ఎనభై ఆరులో నేనోడినప్పుడు నువ్విచ్చిన మీ ఎర్ర జెండా అటక మీదుంది. మార్గో చేత దింపించి మా వాకిట్లో కట్టించాను. గెలిచినవాళ్ళు ఓడినవాళ్ళ జెండా కట్టడమేమిటని టిల్డెన్ గారి ఆవిడ కంచె దగ్గరికొచ్చి మరీ అడిగింది. పోస్టు అబ్బాయి ఇల్లు మారిపోయిందేమోనని తలుపు కొట్టాడు. వాళ్ళకేం చెప్పను? ఊదా రంగు ఈ మధ్య బూడిదలో కలిసిపోతోంది. ఎరుపు ఒక్కటే ఇంకా బాగా కనిపిస్తోంది. మెట్లు దిగుతుంటే కంటి పక్కన కదులుతుంది, నువ్వు పక్కన కూర్చున్నట్టు.

వచ్చే ఏడు ఆట మా ఊళ్ళో. సీట్లు మార్గో చూస్తుంది. కొలాచీలు రెండు డబ్బాలు తెండి. కళ్ళు రెండూ తెరుచుకుని రా.

హార్లన్ సీట్ల కాగితం ఇందులో ఉంది. సంతకం పెట్టాను. నీ ఎర్ర గీత కనిపించింది. పేరు దాని మీదే పడిందో, కిందికి జారిందో మార్గోని అడగలేదు.

అక్క,
బ్లాంచ్